బిల్లు చట్టమయ్యేలోగా



2024 జనవరి మొదటి రెండు రోజులలో దేశంలోని అనేక రాష్ట్రాలలో లారీలు రోడ్ల పక్కన నిలిచిపోయాయి. ఇంధనం అందదేమోనన్న భయంతో హైదరాబాదులోనూ మహారాష్ట్ర నగరాలలోనూ పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు. ఇంతటి కలకలానికి కారణం ఒక చట్టంలోని ఒక ఉపసెక్షన్. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లోని రెండవ భాగం అది. నిర్లక్ష్యంగా వాహనం నడిపి ఒకరి మరణానికి కారకుడైనవాడు, ఆ సంగతి వెంటనే పోలీసు అధికారికి గాని మేజిస్ట్రేటుకు గాని తెలియజేయకుండా తప్పించుకుపోతే, అతనికి 10 సంవత్సరాల వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చునని అది చెబుతోంది.

డ్రైవర్ల భయం సులభంగా అర్థమయ్యేదే. ప్రమాదం జరిగినచోట ఆగితే గుమికూడిన జనం చేతిలో ప్రాణం దక్కుతుందో లేదో తెలియదు. ఆగకుండా పోతే పదేళ్ల శిక్ష. మృతుని కుటుంబం బాధ కూడా అంతే నిజమైనది. గాయపడినవానిని రోడ్డుమీద వదిలి పారిపోవడం వల్ల, దక్కవలసిన ప్రాణాలు పోతున్నాయి. రెండు పక్షాలకూ న్యాయమైన మాట ఉన్నది. జనవరి 2వ తేదీ రాత్రి కేంద్ర హోంశాఖ రవాణా సంఘం ప్రతినిధులతో మాట్లాడి, వారిని సంప్రదించిన తరువాతనే ఆ ఉపసెక్షన్ అమలుపై నిర్ణయం తీసుకుంటామని హామీ ఇచ్చింది. ఫిబ్రవరి 24న వెలువడిన ప్రకటన ఆ ఒక్క ఉపసెక్షన్‌ను మినహాయించి, సంహితను జూలై 1 నుంచి అమలులోకి తెచ్చింది.

ఈ ఉదంతంలో తేదీలను గమనించాలి. డ్రైవర్లను భయపెట్టిన ఆ నిబంధన జనవరిలో పుట్టలేదు. 2023 ఆగస్టు 11న లోక్‌సభలో ప్రవేశపెట్టిన బిల్లులోనే అది ఉన్నది. నాలుగు నెలలకు పైగా ఎవరైనా చదవగలిగేటట్లు అందుబాటులో ఉన్నది. ఆ నాలుగు నెలలలో మూడు నెలలు పార్లమెంటరీ సంఘం ఆ బిల్లును పరిశీలించింది. అయినా స్టీరింగు పట్టినవాని గొంతు రాష్ట్రపతి ఆమోదముద్ర పడిన తరువాత గాని ఢిల్లీకి వినబడలేదు. వినిపించడానికి సమ్మె చేయవలసి వచ్చింది. ఆ మాట ముందే వినబడే దారి ఏది? పరాయి భాషా ప్రాంతంలో బతుకుతున్న తెలుగువారికి ఆ దారి ఎంతవరకు తెరిచి ఉన్నది? నేటి ప్రసంగానికి విషయం ఇదే.

ముందుగా జరిగిన చరిత్రను క్లుప్తంగా చెప్పుకోవాలి. 1860 నాటి భారత శిక్షాస్మృతి, 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అనే మూడింటి స్థానంలో మూడు కొత్త బిల్లులు వచ్చాయి. నేరమేదో, శిక్ష ఎంతో చెప్పేది భారతీయ న్యాయ సంహిత. అరెస్టు, దర్యాప్తు, బెయిలు, విచారణల పద్ధతిని చెప్పేది భారతీయ నాగరిక సురక్షా సంహిత. ఏది సాక్ష్యమో చెప్పేది భారతీయ సాక్ష్య అధినియమం. ప్రవేశపెట్టిన వెంటనే వీటిని హోం వ్యవహారాల పార్లమెంటరీ స్థాయీ సంఘానికి పంపి, మూడు నెలల గడువు ఇచ్చారు.

స్థాయీ సంఘం అంటే ఏమిటి? 1993 నుంచి పార్లమెంటులో శాఖలవారీగా ఇటువంటి సంఘాలు పనిచేస్తున్నాయి. ఒక్కొక్క సంఘంలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది, మొత్తం 31 మంది సభ్యులు ఉంటారు. అధికార పక్షంవారు, ప్రతిపక్షంవారు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. అక్కడ టెలివిజన్ కెమెరాలు ఉండవు. అందువల్ల ప్రసంగాల హోరు తక్కువగా, చదువు ఎక్కువగా ఉండే అవకాశం ఉన్నది. శాఖ అధికారులను పిలిచి, ఈ పదం ఇక్కడ ఎందుకు వచ్చింది, ఈ పదం ఎవరికి వర్తిస్తుంది అని అడుగుతారు. నిపుణుల వాదన వింటారు. చివరకు నిబంధనల వారీగా నివేదిక ఇస్తారు. ఏకీభవించని సభ్యులు తమ అసమ్మతి పత్రాలను దానికి జతచేయవచ్చు. ఆ నివేదికకు ప్రభుత్వం కట్టుబడి ఉండనక్కరలేదు. అయినా ఆ నివేదికకు ఎంతో బలం ఉన్నది. ఆ బలమెంతో ఈ బిల్లుల విషయంలోనే కనబడింది.

నాగరిక సురక్షా సంహిత బిల్లు 43వ నిబంధన చేతికి బేడీలు వేయడానికి సంబంధించినది. అకారణంగా బేడీలు వేయడం మనిషి గౌరవానికి భంగకరమని సుప్రీంకోర్టు 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో తీర్పు చెప్పింది. కొత్త బిల్లు మాత్రం కొన్ని నేరాల జాబితా ఇచ్చి, ఆ సందర్భాలలో నేర స్వభావాన్ని, తీవ్రతను బట్టి పోలీసు అధికారి బేడీలు వేయవచ్చునని చెప్పింది. ఉగ్రవాదం, హత్య, అత్యాచారం, యాసిడ్ దాడి వంటి ఘోర నేరాల పక్కనే ఆ జాబితాలో ‘ఆర్థిక నేరాలు’ అన్న రెండు మాటలు చేరాయి. సంఘం ఆ రెండు మాటల దగ్గర ఆగింది. ఆర్థిక నేరమంటే చిల్లర తగాదా మొదలు భారీ మోసం దాకా ఏదైనా కావచ్చు గనుక, అన్నింటికీ ఒకే విధంగా బేడీలు తగవని చెప్పి, వాటిని తొలగించాలని సిఫారసు చేసింది. డిసెంబరులో వచ్చిన రెండవ బిల్లులో ఆ రెండు మాటలు లేవు. నేటి చట్టంలోనూ లేవు.

రెండు మాటలు తొలగితే ఏమవుతుంది? డబ్బు లావాదేవీలో మోసం చేశాడన్న ఫిర్యాదుపై అరెస్టయిన చిరువ్యాపారిని, కేవలం అది ఆర్థిక నేరమన్న కారణంతో బేడీలు వేసి, తన వీధిలోనుంచి, తన పిల్లలు చూస్తుండగా నడిపించడానికి చట్టంలో ఆధారం ఉండదు. అతడు దోషియో నిర్దోషియో తేల్చేది న్యాయస్థానం. ఆ తీర్పు వచ్చేలోగా అతని పరువును కాపాడేది, ఆ బిల్లును ఎవరో శ్రద్ధగా చదవడం.

ఇంకా కొన్ని మార్పులు జరిగాయి. చిన్న నేరాలకు శిక్షగా ‘సమాజసేవ’ను కొత్తగా చేర్చారు గాని, అది ఏమిటో మొదటి బిల్లు నిర్వచించలేదు. సంఘం అడిగిన మీదట రెండవ బిల్లులో వివరణ చేరింది. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవించినప్పుడు మొదటి బిల్లు 7 సంవత్సరాల వరకు శిక్షను ప్రతిపాదించగా, సంఘం దానిని 5కు తగ్గించమన్నది. చట్టంలో ఇప్పుడు ఉన్నది 5 సంవత్సరాలే. తప్పించుకుపోయే వారికి సంబంధించిన నిబంధన మొదట ఏ రకమైన నిర్లక్ష్యానికైనా వర్తించేటట్లు ఉండగా, రెండవ బిల్లులో వాహన ప్రమాదాలకు పరిమితమైంది.

అన్ని సూచనలూ ఫలించలేదు. పాత పద్ధతి ప్రకారం పోలీసు కస్టడీ 15 రోజులకు మించరాదు. ఆ 15 రోజులూ రిమాండులోని మొదటి 15 రోజులలోనే ముగియాలి. కొత్త సంహితలోనూ మొత్తం 15 రోజులే. అయితే వాటిని విడివిడిగా, నేర తీవ్రతను బట్టి మొదటి 40 రోజులలో గాని 60 రోజులలో గాని ఎప్పుడైనా కోరవచ్చు. జైలుకు వెళ్లినవానిని పోలీసులు మళ్లీ తమ కస్టడీకి అడిగే అవకాశం నెల దాటిన తరువాత కూడా ఉన్నదంటే, ఆ కారణం చూపి బెయిలును వ్యతిరేకించవచ్చునన్న ఆందోళన ఏర్పడింది. ఈ నిబంధన దుర్వినియోగం కావచ్చునని, దీనికి స్పష్టత కావాలని సంఘం రాసింది. ప్రతిపక్ష సభ్యుల అసమ్మతి పత్రాలలోనూ కొత్త పోలీసు అధికారాలపై విమర్శలు వచ్చాయి. ఆ నిబంధన మాత్రం మారలేదు. దర్యాప్తు సంస్థల వాదన కూడా చెప్పాలి. నిందితుడు మొదటి పదిహేను రోజులు ఆసుపత్రిలో గడిపితే అతనిని ప్రశ్నించే వీలే పోతున్నదని వారి ఇబ్బంది. ఆ ఇబ్బంది కలిగిన సందర్భాలకే నిబంధనను పరిమితం చేసి రాయడానికి అవకాశం ఉన్నది. ఆ అవకాశం జారిపోయింది.

కాలం విషయానికి వస్తే, సంఘం నవంబరు 6న నివేదికలను ఆమోదించింది. డిసెంబరు 12న ప్రభుత్వం పాత బిల్లులను ఉపసంహరించి, కొత్తవి ప్రవేశపెట్టింది. లోక్‌సభ డిసెంబరు 20న, రాజ్యసభ 21న వాటిని ఆమోదించాయి. సురక్షా సంహిత ఒక్కదానిలోనే 531 సెక్షన్లు ఉన్నాయి. ఆ వారంలోనే రెండు సభలలో కలిపి 140 మందికి పైగా ప్రతిపక్ష సభ్యులు సస్పెన్షన్‌లో ఉన్నారు. ఆ సస్పెన్షన్ల తప్పొప్పులపై రెండు వాదనలు ఉన్నాయి. వాటిని పక్కన పెట్టినా, కోట్లాది మంది స్వేచ్ఛకు సంబంధించిన శాసనంపై చర్చ జరిగినప్పుడు అనేక నియోజకవర్గాల బల్లలు ఖాళీగా ఉన్నాయన్న సత్యం మిగులుతుంది. సంఘంలో జరిగిన మూడు నెలల పని విలువ అప్పుడే మరింతగా తెలుస్తుంది.

సంఘమే లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి 2022 నాటి ఉదాహరణ చాలు. నిందితుల వేలిముద్రలు, కనుపాప చిత్రాలు, జీవసంబంధ నమూనాలు సేకరించి, ఆ వివరాలను 75 సంవత్సరాల పాటు భద్రపరచడానికి అధికారమిచ్చే బిల్లు ఆ సంవత్సరం మార్చి 28న లోక్‌సభ ముందుకు వచ్చింది. సంఘానికి పంపాలని ప్రతిపక్షం కోరినా పంపలేదు. ఏప్రిల్ 6 నాటికి రెండు సభల ఆమోదమూ పూర్తయింది. మొత్తం పది రోజులు. అటువంటి బిల్లుపై సామాన్య పౌరుడు ఒక ఉత్తరం రాసి పంపేలోగా అది చట్టమైపోతుంది.

తొందరపాటు ఒక్క ఢిల్లీకే పరిమితం కాదు. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో యువ పశువైద్యురాలిపై జరిగిన దారుణం తెలుగు నేలను కుదిపివేసింది. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం డిసెంబరు 11న దిశ బిల్లుకు అంగీకారం తెలుపగా, 13న శాసనసభ దానిని ఆమోదించింది. 7 పనిదినాలలో దర్యాప్తు, 14 పనిదినాలలో విచారణ ముగియాలని ఆ బిల్లు శాసించింది. దాని స్ఫూర్తితో మహారాష్ట్ర 2020లో శక్తి బిల్లును రూపొందించింది. అయితే దానిని ఉభయసభల సంయుక్త సంఘానికి పంపి, ఏడాది పాటు పరిశీలించింది. దర్యాప్తు గడువును 15 రోజుల నుంచి 30 రోజులకు పెంచి, 2021 డిసెంబరులో ఆమోదించింది. రెండు బిల్లులకూ చివరకు రాష్ట్రపతి ఆమోదం దొరకలేదు. అయినా ఒక తేడా గమనించదగినది. పరిశీలనకు నోచుకున్న బిల్లులో, దర్యాప్తు అధికారి నిజంగా పని పూర్తిచేయగలిగిన గడువు ఏదన్న ప్రశ్నకు చోటు దొరికింది. బాధితురాలికి న్యాయం జరగాలంటే కేసు కోర్టులో నిలబడాలి. అరకొర దర్యాప్తుతో నిలబడే కేసులు తక్కువ.

ఇక అసలు ప్రశ్నకు రావాలి. బెంగళూరులో, చెన్నైలో, ముంబయిలో, బరంపురంలో స్థిరపడిన తెలుగువారికి ఈ పరిశీలనతో పని ఏమిటి?

నేర శాసనం అందరికీ సమానమే. కాని పోలీసు స్టేషను గుమ్మం దగ్గర అందరి బలమూ సమానం కాదు. స్థానికునికి ఆ భాష వచ్చు, తెలిసిన వకీలు ఉంటాడు, అరగంటలో వచ్చే బంధువు ఉంటాడు. వలస వచ్చిన తాపీమేస్త్రీకి, సెక్యూరిటీ గార్డుకు, ఇళ్లలో పనిచేసే స్త్రీకి ఈ మూడింటిలో ఒక్కటైనా ఉండకపోవచ్చు. చట్టంలో అస్పష్టంగా మిగిలిన ప్రతి పదమూ అర్థం చెప్పే అధికారి ఇష్టానికి మిగులుతుంది. తన మాట చెప్పుకోలేనివాడు ఆ అస్పష్టతకు అందరికన్నా ఎక్కువ మూల్యం చెల్లిస్తాడు. అందుచేత ఒక పదం స్పష్టంగా ఉండాలని కోరవలసిన అవసరం స్థానికునికన్నా వలస వచ్చినవానికే ఎక్కువ.

భాష విషయంలో న్యాయస్థానాలు పౌరుని పక్షాన నిలిచిన దాఖలాలు ఉన్నాయి. నిర్బంధానికి కారణాలను ఆంగ్లంలో ఇచ్చి, ఆ భాష రాని మనిషికి నోటితో అనువదించి చెప్పామంటే సరిపోదని, మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 1962లోనే తీర్పు ఇచ్చింది. అది ముందస్తు నిర్బంధానికి సంబంధించిన కేసు. 2025 ఫిబ్రవరిలో హర్యానా కేసు ఒకదానిలో, అరెస్టుకు కారణాలను నిందితునికి అర్థమయ్యే భాషలో తెలియజేయాలని అదే న్యాయస్థానం స్పష్టం చేసింది. ఆ సంవత్సరం నవంబరులో మరొక అడుగు ముందుకు వేసి, ఆ కారణాలను అతనికి తెలిసిన భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని చెప్పింది. తెలుగు మాత్రమే తెలిసిన మనిషికి తెలుగులోనే అందాలన్నది దీని భావం.

సురక్షా సంహితలో పౌరునికి రక్షణగా ఉన్న నిబంధనలను కూడా తెలుసుకోవాలి. నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఫిర్యాదును ఏ పోలీసు స్టేషనులోనైనా ఇవ్వవచ్చు. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకొని తిరిగి చదివి వినిపించాలి. ఎఫ్‌ఐఆర్ నకలును ఉచితంగా ఇవ్వాలి. అరెస్టు సంగతిని నిందితుడు సూచించిన బంధువుకు గాని మిత్రునికి గాని తెలియజేయాలి. ప్రశ్నించే సమయంలో న్యాయవాదిని కలుసుకునే హక్కు ఉన్నది. ప్రయాణకాలం మినహా 24 గంటలలోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. సాక్ష్యం తెలియని భాషలో ఉంటే కోర్టులో నిందితునికి అర్థమయ్యే భాషలోకి తర్జుమా చేసి చెప్పాలి. ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. అర్థం కాని కాగితంపై సంతకం గాని వేలిముద్ర గాని పెట్టేముందు, తెలుగు తెలిసినవారిని పిలిపించమని అడగడం అపరాధం కాదు.

అయితే చట్టం వచ్చిన తరువాత హక్కులు తెలుసుకోవడం ఒక పని, చట్టం రూపొందుతున్నప్పుడే మాట చెప్పడం మరొక పని. రెండవదానికి దారి ఇది. సంఘానికి వచ్చిన బిల్లుపై ప్రజాభిప్రాయం కోరదలచినప్పుడు పార్లమెంటు సచివాలయం పత్రికలలో ప్రకటన ఇస్తుంది. గడువు సాధారణంగా కొద్ది వారాలకు మించదు. వినతి పత్రానికి పాండిత్యం అవసరం లేదు. ఏ నిబంధన గురించి చెబుతున్నారో దాని సంఖ్య, అది అమలైతే ఫలానా వృత్తిలో ఉన్నవారికి ఏమి జరుగుతుందో నాలుగు వాక్యాలు, దాని బదులు ఎలా రాస్తే బాగుంటుందో ఒక వాక్యం ఉంటే చాలు. ‘ప్రమాదస్థలంలో జనం కొడతారన్న భయంతో బయలుదేరిన డ్రైవరు, తరువాతి పోలీసు స్టేషనులో ఎన్ని గంటలలోగా చెబితే తప్పించుకుపోయినట్లు కాదు?’ అన్న ప్రశ్న 2023 సెప్టెంబరులో వంద లారీ అడ్డాల నుంచి కాగితంపై వెళ్లి ఉంటే, జనవరిలో బంకుల ముందు అంతటి బారులు ఉండేవి కావేమో.

సామాన్యుల ఉత్తరాలు వ్యర్థమని అనుకోరాదు. 2012 డిసెంబరు ఢిల్లీ ఘటన తరువాత ఏర్పడిన జస్టిస్ వర్మ సంఘానికి దేశవిదేశాల నుంచి సుమారు 80,000 సూచనలు అందాయి. నెల రోజులలో ఆ సంఘం నివేదిక ఇచ్చింది. యాసిడ్ దాడి, వెంటాడి వేధించడం వంటివి 2013లో ప్రత్యేక నేరాలుగా శిక్షాస్మృతిలో చేరాయి.

ఇక్కడ తెలుగువారికి ఒక అడ్డంకి ఉన్నది. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, తనకు కలిగిన కష్టం గురించి ఏ అధికారికైనా దేశంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం ఇచ్చుకునే హక్కు ప్రతి వ్యక్తికీ ఉన్నది. కాని పార్లమెంటరీ సంఘాల ప్రకటనలు సాధారణంగా వినతి పత్రాలను ఆంగ్లంలో గాని హిందీలో గాని కోరుతాయి. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీని పూరించగలిగినవి నగరాలలోని తెలుగు సంఘాలు. ఉగాది కవిసమ్మేళనానికి, సంక్రాంతి ముగ్గుల పోటీకి చూపే శ్రద్ధలో కొంత ఇటు మళ్లిస్తే చాలు. ఒక న్యాయవాది, ఒక అనువాదకుడు, ఒక సాయంకాలం. పనిచోటు నుంచి వచ్చినవారు తమ అనుభవం తెలుగులో చెబుతారు. దానిని సంఘం కోరిన భాషలో రాసి పంపుతారు. స్థానిక లోక్‌సభ సభ్యునికి కూడా ఒక ప్రతి పంపుతారు. ఆయన కన్నడిగుడైనా, తమిళుడైనా, మరాఠీ అయినా ఆ నియోజకవర్గంలో ఓటున్న తెలుగువారికీ ఆయనే ప్రతినిధి.

పరిశీలన అనేది ఒక్క సభతో ముగిసేది కాదు. సాక్షుల రక్షణ పథకాన్ని ప్రతి రాష్ట్రమూ తయారుచేసి ప్రకటించాలని సురక్షా సంహిత చెబుతోంది. సమన్ల జారీ మొదలైన అనేక విషయాలలో నియమాలు చేయవలసినవి రాష్ట్ర ప్రభుత్వాలే. అంటే తాము నివసిస్తున్న రాష్ట్రపు రాజధానిలో రూపొందే కాగితాలు కూడా తెలుగువారి బతుకును తాకుతాయి. పక్కన పెట్టిన 106వ సెక్షన్ ఉపసెక్షన్ మళ్లీ చర్చకు రావచ్చు. అప్పటికైనా డ్రైవరు మాట, రోడ్డుమీద ఆప్తుని పోగొట్టుకున్న కుటుంబం మాట రెండూ కాగితంపై సిద్ధంగా ఉండాలి.

బేడీల జాబితా నుంచి ‘ఆర్థిక నేరాలు’ అన్న రెండు మాటలు తొలగడానికి సమ్మె జరగలేదు, ఒక్క లారీ ఆగలేదు, ఒక్క బంకు మూతపడలేదు. చట్టం కాకముందే వాటిని చదివినవారు ఉన్నారు, చదివి అభ్యంతరం రాసినవారు ఉన్నారు. తరువాతి బిల్లు వచ్చినప్పుడు ఆ చదివేవారిలో ఈ నగరపు తెలుగువారు కూడా ఉండాలి.